రామేఛాప్ నుంచి లుక్లా: 74 కిలోమీటర్లకు అసలు పట్టే సమయం

నేపాల్లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నడక మొదలయ్యేది లుక్లాలో. అక్కడికి వెళ్దామనుకున్నవాళ్ళు ముందుగా వెతికేది ఇదే: రామేఛాప్ నుంచి లుక్లా ఎంత దూరం, ఫ్లైట్ ఎంతసేపు? దూరం సంగతి తేలికే. రెండు రన్‌వేల మధ్య తిన్నగా గీత గీస్తే 74 కిలోమీటర్లు, పైలట్ల లెక్కలో 40 నాటికల్ మైళ్ళు. సమయం దగ్గరే గందరగోళం. దూరాలు లెక్కగట్టే సైట్లు పెద్ద జెట్ వేగంతో భాగించేసి కొన్ని ఐదారు నిమిషాలంటాయి, కొన్ని ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపి ముప్పై ఐదంటాయి. రెండూ తప్పే. మా విమానం నేల వదిలింది మొదలు లుక్లాలో చక్రాలు ఆనేదాకా పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆ పద్దెనిమిది నిమిషాల కోసం ఖాట్మండులో గది ఖాళీ చేసింది మాత్రం ముందురోజు పొద్దున. తిరిగి వచ్చేటప్పుడైతే ఇదే దూరానికి నెల మారిపోయింది. 2025 అక్టోబరులో వెళ్ళాం. గంటలూ తేదీలూ అప్పటికప్పుడు ఫోన్‌లో రాసుకున్నవే ఇక్కడ పెడుతున్నా.

టికెట్ మీద ఒకచోట రామేఛాప్ అని, ఇంకోచోట మంథలి అని కనిపిస్తే కంగారు పడొద్దు. రామేఛాప్ జిల్లా పేరు, మంథలి ఊరి పేరు, ఎయిర్‌పోర్ట్ ఒక్కటే. కోడ్ ఆర్‌హెచ్‌పి. లుక్లాది ఎల్‌యూఏ. ఖాట్మండు నుంచి లుక్లాకి నేరుగా కూడా విమానాలుంటాయి, అది 135 కిలోమీటర్ల పైచిలుకు, అరగంట పైన. అయితే అక్టోబరు-నవంబరు, ఏప్రిల్-మే సీజన్లలో ఖాట్మండు రన్‌వే మీద రద్దీకి చిన్న విమానాలు గాల్లోనే చక్కర్లు కొడుతూ ఇంధనం కాల్చుకోవాల్సి వస్తుంది. అందుకని లుక్లా ఫ్లైట్లలో ఎక్కువభాగం మంథలికి మార్చేస్తారు. మంథలి నుంచైతే ఒకే విమానం పొద్దున పూట ఎక్కువసార్లు పైకీ కిందకీ తిరగగలదు. విమానం వాళ్ళకి అది లాభమే, రోడ్డు మాత్రం మనకి మిగులుతుంది.

అక్టోబరు 13, సోమవారం. ఖాట్మండులోని థమేల్ నుంచి మంథలి 132 కిలోమీటర్లు. ఏజెన్సీలు మామూలుగా రాత్రి ఒంటిగంట ప్రాంతంలో వ్యాన్ ఎక్కించి, ఐదున్నరకల్లా ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర దింపేలా చూస్తాయి. మేం ఆ పద్ధతి వద్దనుకుని పగలే బయల్దేరాం. కారణం ధులిఖేల్ దాటాక వచ్చే బీపీ హైవే. 2024 సెప్టెంబరు చివర్లో వచ్చిన వరదల్లో రోషి నది ఈ రోడ్డుని చాలాచోట్ల కోసేసింది. కోసుకుపోయిన ప్రతిచోటా బండి నదిగర్భంలోకి దిగి, గులకరాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి, అవతల మళ్ళీ రోడ్డెక్కాలి. రాత్రి ఒంటిగంటకి నిద్రమత్తులో ఉన్న డ్రైవర్‌తో అక్కడ వెళ్ళడం నాకైతే విమానం కన్నా భయం. పొద్దున పదిన్నరకి బయల్దేరి సాయంత్రం ఐదుకి చేరాం. అందులో ముప్పావుగంట నేపాల్‌థోక్‌లో భోజనానికి, సుమారు గంట రోషి ఒడ్డున ఎదుటి బండ్లు వదిలేదాకా ఆగడానికి పోయింది. ఖుర్కోట్ దాటాక రోడ్డు ఫర్వాలేదు. వ్యాన్‌లో సీటు 2,500 నేపాలీ రూపాయలు. మన రూపాయికి వాళ్ళది 1.60 లెక్క, ఇది ఏ రోజూ మారదు.

మంథలిలో మొదటి ఆశ్చర్యం ఉక్కపోత. మనం కొండల్లోకి వెళ్తున్నామనే ఊహలో ఉంటాం. ఖాట్మండు 1,400 మీటర్ల ఎత్తు, మంథలి 475 మాత్రమే. తమకోశి నది ఒడ్డున లోయ అడుగున ఉంటుంది. ఒక పల్చటి చొక్కా సంచిలో పైన పెట్టుకోకపోతే చలికి తెచ్చుకున్న ఫ్లీసు వేసుకునే నిద్రపోవాల్సొస్తుంది. లాడ్జిలు ఎయిర్‌పోర్ట్ గేటుకి నడిచేంత దూరంలోనే ఉన్నాయి, సీజన్‌లో టెంట్లు కూడా వేస్తారు. గది 1,800 నేపాలీ రూపాయలు, పప్పూ అన్నం వేరే. ఆ రాత్రి మళ్ళీ లగేజీ తూచుకున్నాం. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న చేతి కాటా ట్రెక్ మొత్తం మీద అక్కరకొచ్చింది ఆ రాత్రే.

ఎందుకంటే పరిమితి మనిషికి 15 కిలోలు: పెద్ద సంచి 10, చేతి సంచి 5. పెద్ద విమానాల్లోలాగా చేతి సంచిని చూసీ చూడనట్టు వదలరు. రెండూ కాటా మీద పెట్టమంటారు. పైబడితే కిలోకి ఇంతని అక్కడే నగదు కట్టించుకుంటారు, బరువు మరీ ఎక్కువైతే సంచిని తర్వాతి ఫ్లైట్‌లో పంపిస్తామంటారు. ఈ రెండో మాటకి ఒప్పుకోవద్దు, ఆ తర్వాతి ఫ్లైట్ మర్నాటిది కావొచ్చు. బరువైన బూట్లు, డౌన్ జాకెట్ ఒంటి మీద వేసుకోండి. పవర్ బ్యాంకులు, కెమెరా బ్యాటరీలు జాకెట్ జేబుల్లోకి వెళ్ళిపోవాలి, అవి ఎలాగూ పెద్ద సంచిలో పెట్టకూడదు. లైటర్లు, గ్యాస్ డబ్బాలు తీసి పక్కన పడేస్తారు. గ్యాస్ లుక్లాలోనే కొనుక్కోవచ్చు.

అక్టోబరు 14. ఐదుంపావుకి గేటు దగ్గర. అప్పటికే వంద మంది దాకా ఉన్నారు, రాత్రి వ్యాన్లలో వచ్చినవాళ్ళు సంచుల మీదే కునుకు తీస్తున్నారు. గేటు తెరిచాక వరస అనేది ఉండదు. టికెట్లు, పాస్‌పోర్టులు గైడు చేతికి ఇచ్చేసి, సంచులతో మనం వెనక నిలబడటమే మంచిది. కౌంటర్ అవతల ఉన్న కుర్రాడు గైడుల్ని ముఖాలు చూసి గుర్తుపడతాడు, మనల్ని కాదు. గైడు లేకుండా వెళ్తున్నవాళ్ళు మాత్రం మొహమాటం పక్కనపెట్టి కౌంటర్ దాకా తోసుకెళ్ళాల్సిందే.

మనవాళ్ళకి ప్రత్యేకంగా రెండు మాటలు. భారతీయులకి ఈ రూట్‌లో వేరే టికెట్ ధర ఉంది, విదేశీయుల ధర కన్నా బాగా తక్కువ. విదేశీయులకి ఒకవైపుకే 150 డాలర్ల పైమాట. బుక్ చేసేటప్పుడు భారతీయులమని చెప్పి, ఏజెంటు ఏ ధర వేశాడో చూసుకోండి. దానికి రుజువు పాస్‌పోర్టు, లేదా ఓటరు కార్డు. ఆధార్ సరిపోదు. మా నలుగురితో పాటు వచ్చిన ఒకాయనది అమెరికా పాస్‌పోర్టు, ఊరు గుంటూరే అయినా కట్టింది డాలర్ల ధరే. రెండోది పేర్లు. టికెట్ మీద ఇంటిపేరు పొట్టిగా ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే పేరు పేరుగా చదివే చేతిరాత జాబితాలో ఎవరు ఎవరో తేలక కౌంటర్ దగ్గర పావుగంట పోతుంది. ఏజెంటుకి పాస్‌పోర్టు ఫొటో పంపించి, ఉన్నది ఉన్నట్టు కొట్టమనండి.

బోర్డింగ్ పాస్ చిన్న అట్టముక్క. సీటు నంబరు ఉండదు. టికెట్ మీద 7:05 అనో 7:30 అనో టైము ఉంటుంది, దాన్ని నమ్ముకోవడం అనవసరం. కౌంటర్లో అడగాల్సింది ‘మాది ఎన్నో ఫ్లైట్’ అని. ఒక్కో కంపెనీకి ఆ పొద్దుటికి ఒకటో రెండో విమానాలుంటాయి. అవే పైకీ కిందకీ తిరుగుతుంటాయి. ఒక తిరుగుడు లెక్క ఇలా వేసుకోండి: ఎక్కించుకోవడానికి పది నిమిషాలు, పైకి పద్దెనిమిది, లుక్లాలో దింపి ఎక్కించడానికి ఎనిమిది, కిందకి పదిహేను. అన్నీ సవ్యంగా ఉంటే ఇంచుమించు యాభై నిమిషాలకి ఒకసారి. మొదటిది ఆరుంపావుకి లేస్తే మూడోది ఎనిమిదికి, ఐదోది తొమ్మిదిన్నర దాటాక. పదకొండు దాటితే అనుమానమే. అందుకే టికెట్ కొనేటప్పుడే మొదటి లేదా రెండో ఫ్లైట్ కావాలని అడగాలి. ఒక్కసారి మబ్బు పట్టి ఆగినా తర్వాత నంబర్లన్నీ వెనక్కి జరుగుతాయి, చివరి నంబర్లు ఆ రోజు జాబితాలోంచే జారిపోతాయి.

మాది మూడు. మొదటి విమానం 6:25కి లేచింది, అప్పటిదాకా తమకోశి మీద పొగమంచు. అది వెనక్కి వచ్చి రెండో ఫ్లైట్ వాళ్ళని ఎక్కించుకుంది. ఆ రెండోది ఏడుమ్ముప్పావుకి మళ్ళీ కనిపించగానే మా బృందం లేచి నిలబడింది. తలుపు తీసి మెట్లు వేశారు. దిగుతున్నవాళ్ళని చూస్తే ఇందాక మా కళ్ళముందు ఎక్కినవాళ్ళే. ఒక కొరియా ఆవిడ పసుపు టోపీ నాకు గుర్తు. లుక్లా దాకా వెళ్ళి, మబ్బు మూసేస్తే తిరిగొచ్చారన్నమాట. అక్కడ తెర మీద వివరాలు చూపించే బోర్డు ఏమీ లేదు, మైకులో చెప్పేవాళ్ళూ అరుదు. విమానంలోంచి దిగేవాళ్ళ ముఖాలే సమాచారం: ఎండకి కమిలి, బూట్లకి ఎండిన బురదతో దిగితే పైన తెరిచే ఉంది. పొద్దున చూసిన నున్నటి ముఖాలే దిగితే మూసేసినట్టు.

గంటపైన అలాగే కూర్చున్నాం. మంథలిలో ఎండ చిటపటలాడుతుంటే ఫ్లైట్లు ఎందుకు ఆగాయని చాలామంది గైడుల్తో వాదనకి దిగుతారు. మంథలి వాతావరణంతో పనిలేదు. మధ్యలో లమ్‌జురా కనుమ, చివర్లో లుక్లా, ఈ రెండూ కనిపించాలి. లుక్లాలో మబ్బులోంచి దారి చూపించి దింపే పరికరాలు లేవు. పైలట్ కంటితో రన్‌వేని చూసే దిగాలి. 2008 అక్టోబరులో ఒక విమానం చివరి క్షణంలో మబ్బు కమ్మేసి రన్‌వే కింది అంచుకి తగిలింది, 18 మంది పోయారు. ఆ సంగతి తెలిస్తే వెనక్కి తిరిగొచ్చిన పైలట్ మీద కోపం రాదు.

మబ్బు లేకపోయినా మధ్యాహ్నానికి ఎందుకు ఆపేస్తారన్నది నన్ను చాలామంది అడిగారు. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు, 11.7 శాతం వాలు. అంటే కింది అంచుకీ పై అంచుకీ మధ్య అరవై మీటర్ల ఎత్తు తేడా. పై అంచు తర్వాత కొండగోడ, కింది అంచు తర్వాత దూధ్‌కోశి లోయ. కాబట్టి దిగడం ఎప్పుడూ ఎగువకే, లేవడం ఎప్పుడూ దిగువకే. ఎండ ఎక్కాక గాలి లోయలోంచి పైకి, నైరుతి నుంచి వీస్తుంది. లేచే విమానానికి అది ఎదురుగాలి, మేలే చేస్తుంది. దిగే విమానాన్ని మాత్రం వెనక నుంచి తోస్తుంది. అంత పొట్టి రన్‌వే మీద వెనక నుంచి తోసే గాలి ఉంటే ఆగడం కష్టం. అందుకే పొద్దున పూట గాలి నెమ్మదిగా ఉన్నప్పుడే పని ముగించేస్తారు. మధ్యాహ్నం ఆకాశం నీలంగా మెరుస్తున్నా ఫ్లైటు రాకపోతే కారణం అదే.

9:20కి పిలిచారు. విమానం ట్విన్ ఆటర్ అనే రెండు ఇంజిన్ల చిన్న రకం, ఎడమవైపు ఒక్కో సీటు, కుడివైపు రెండేసి. సీటు నంబర్లు లేవు కాబట్టి ముందు ఎక్కినవాళ్ళదే ఎంపిక. వెళ్ళేటప్పుడు మంచుకొండలు ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు. ఎడమ ముందు సీటు దొరికితే కొండలతో పాటు పైలట్ల చేతులూ కనిపిస్తాయి, మధ్య తలుపు ఉండదు. ఎయిర్ హోస్టెస్ ఒక చిన్న పళ్ళెంలో దూది, చాక్లెట్లు పట్టుకొచ్చింది. దూది చెవుల్లోకి. మొహమాటపడకుండా తీసుకోండి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సరిచేసే ఏర్పాటు లేని విమానం ఇది, 475 మీటర్ల నుంచి పావుగంటలో మూడున్నర వేల మీటర్ల పైకి వెళ్తుంది. జలుబు ఉంటే చెవుల నొప్పి తప్పదు, చాక్లెట్ చప్పరిస్తూ గుటకలు మింగుతుండాలి. నీళ్ళ సీసా మూత మంథలిలో బిగించింది పైన తీస్తే నీళ్ళు చిమ్ముతాయి.

9:31కి లేచింది. 74 కిలోమీటర్లకి పద్దెనిమిది నిమిషాలంటే సగటున గంటకి 247 కిలోమీటర్లు. ఈ విమానం తిన్నగా ఎగిరేటప్పుడు ఇంతకన్నా కాస్త వేగంగానే పోతుంది. కానీ ఇక్కడ మొదటి పదినిమిషాలూ ఎక్కుడే. లమ్‌జురా కనుమ 3,530 మీటర్లు, దాని మీదుగా దాటాలంటే నిమిషానికి వెయ్యి అడుగుల లెక్కన ఎక్కినా పది నిమిషాలు కావాలి. ఎక్కేటప్పుడు ముందుకు పోయే వేగం తగ్గుతుంది. పైగా దారి గీత గీసినట్టు ఉండదు, కొండ వరసల మధ్య ఖాళీలు చూసుకుంటూ పోవాలి. దూరం కన్నా ఎత్తే ఇక్కడ సమయం తింటుందని సైట్ల లెక్కలకి తెలియదు. కనుమ దాటేటప్పుడు కింద నేల ఎంత దగ్గరగా వస్తుందంటే ఇంటి ముందు ఆరేసిన మొక్కజొన్న పొత్తుల రంగు కనిపించింది. జీరీ నుంచి నడిచి వచ్చేవాళ్ళు ఇదే కనుమ మీదుగా లుక్లా దాకా వారం తీసుకుంటారు.

కనుమ దాటాక రెండు మూడు నిమిషాల పాటు కుదుపులు. తర్వాత విమానం దూధ్‌కోశి లోయలోకి తిరిగింది, పైలట్ల భుజాల మధ్యలోంచి రన్‌వే కనిపించింది. నేల మీద పరిచినట్టు కాకుండా కొండకి చేరేసిన పలకలా నిలబడి ఉంటుంది. మనం దిగుతున్నట్టు అనిపించదు, తిన్నగా గోడలోకి వెళ్తున్నట్టు ఉంటుంది. చక్రాలు గట్టిగా తాకాయి, ఇంజిన్లు గర్జించాయి, ఎగువ ఎక్కుతుండగానే వేగం చచ్చిపోయింది, విమానం కుడివైపుకి తిరిగి ఆగింది. 9:49. విమానంలో చప్పట్లు. ఇక్కడ దిగే పైలట్లకి ఇలాంటి పొట్టి రన్‌వేల మీద కనీసం వంద ఫ్లైట్లు, నేపాల్లో ఏడాది అనుభవం, లుక్లాకే శిక్షకుడి పక్కన పదిసార్లు దిగి ఉండటం తప్పనిసరి. నాకు ధైర్యం ఇచ్చింది ఆ నియమమే.

దిగగానే ఫొటోల కోసం ఆగనివ్వరు. తలుపు వైపు ఇంజిన్ మాత్రమే ఆపుతారు, రెండోది తిరుగుతూనే ఉంటుంది. తోక వైపు తిన్నగా నడిచి గోడ దాటాలి. విమానాలు నిలిపే జాగా నాలుగింటికి మాత్రమే సరిపోతుంది కాబట్టి తొందర అందరికీ ఉంటుంది. సంచులు చేతులు మారుతూ వస్తాయి, మనది మనమే చూసి పట్టుకోవాలి. ఫొటోలు కావాలంటే బయటికొచ్చి రన్‌వే పై అంచు చుట్టూ ఉన్న బాట మీద కంచె పక్కన నిలబడండి, సైరన్ మోగితే విమానం వస్తున్నట్టు లెక్క.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. లుక్లా 2,845 మీటర్లు. పద్దెనిమిది నిమిషాల్లో 2,370 మీటర్లు ఎక్కేశాం. మా నలుగురిలో ఇద్దరికి గంటలోపే తలనొప్పి మొదలైంది. టీ, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, అక్కడ పడుకోకుండా ఫక్‌డింగ్‌కి నడవడమే సరైన పని. అది 2,610 మీటర్లే, మూడు గంటల నడక, మొత్తం మీద దిగుడే. మధ్యాహ్నం ఒంటిగంటకి లుక్లాలో దిగినా చీకటి పడేలోపు చేరవచ్చు. ఎవరెస్ట్ ఎక్కిన మన పూర్ణ, ఆనంద్ కూడా ఇక్కడే దిగారా అని మాలో ఒకరు అడిగారు. వాళ్ళు 2014లో ఎక్కింది టిబెట్ వైపు నుంచి, ఈ రన్‌వేతో పని పడలేదు.

పర్మిట్లకి లుక్లా ఊరి చివర ఒకచోట, మోంజోలో సాగర్‌మాథా నేషనల్ పార్క్ గేటు దగ్గర ఇంకోచోట డబ్బు కట్టాలి. పార్కుకి మనతో సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్ళకి 1,500 నేపాలీ రూపాయలు, 13 శాతం పన్ను కలిపితే 1,695. మామూలు విదేశీయులకి దీనికి రెట్టింపు. పాస్‌పోర్టు చూపించి సార్క్ ధర అడగండి.

ఇక తిరుగు ప్రయాణం. అక్టోబరు 28 మధ్యాహ్నం లుక్లా చేరాం, టికెట్లు 29కి. ఇక్కడ తప్పక చేయాల్సిన పని ఒకటుంది: ముందురోజు సాయంత్రం విమానం ఆఫీసులో టికెట్ మళ్ళీ ఖాయం చేయించుకోవాలి. మూడు, నాలుగు మధ్య కాసేపే తెరిచి ఉంటుంది. లాడ్జి యజమానికి టికెట్లు ఇస్తే ఆయనే వెళ్ళి చేయిస్తాడు, ఎన్నో ఫ్లైటో కూడా కనుక్కొస్తాడు. మాకు రెండో ఫ్లైట్ అన్నాడు. బయట మబ్బు కొండల్ని మింగేసి ఉంది.

ఆ రాత్రే మొంథా తుఫాను కాకినాడకి దిగువన మన తీరం దాటింది. ఇంట్లోవాళ్ళు కోనసీమలో కరెంటు లేక చీకట్లో కూర్చుని, సెల్ ఛార్జింగ్ అయిపోతోంది, మీరు క్షేమమేనా అని ఒక్క మెసేజ్ పెట్టారు. మేం ఉన్నది తుఫానుకి వెయ్యి కిలోమీటర్ల అవతల కదా అనుకున్నాం. ఆ తేమ అంతా ఉత్తరానికి ఎక్కి నేపాల్ మీద పడింది, ఎవరెస్ట్ ప్రాంతమైన ఖుంబూ పైభాగంలో మంచు, లుక్లాలో వాన. 29 పొద్దున ఐదున్నరకి సంచులతో టెర్మినల్‌కి వెళ్తే తలుపు తాళం కూడా తీయలేదు. లుక్లా ఫ్లైట్లు ఆ తర్వాత కొన్ని రోజుల పాటు లేవు, వందలమంది ఊళ్ళో ఇరుక్కుపోయారు.

ఇలాంటప్పుడు జరిగేది వరసగా చెప్తాను. ‘రద్దు’ అనే మాట విమానం వాళ్ళు మధ్యాహ్నం దాకా నోటితో అనరు. ‘గంటలో చూద్దాం’ అంటారు. మనం అటు లాడ్జికీ వెళ్ళలేం, ఇటు హెలికాప్టర్‌కీ వెళ్ళలేం. చలిలో ఆ బల్ల మీద కూర్చోవడం ట్రెక్ కన్నా ఎక్కువ అలసట. ఒంటిగంట ప్రాంతంలో కౌంటర్ మూసేస్తారు. అప్పుడు రద్దయినట్టు టికెట్ మీద రాయించుకోండి, లేదా ఏజెంటుకి ఫోన్ చేయించి మెసేజ్ తెప్పించుకోండి. డబ్బు వాపసు అడిగేటప్పుడు అది కావాలి. మర్నాడు మనకి ముందు వరస దొరుకుతుందనుకుంటే పొరపాటు. మర్నాటి టికెట్ ఉన్నవాళ్ళ వరస మర్నాటిదే, నిన్న ఆగిపోయినవాళ్ళు వాళ్ళ తర్వాతే. ఇది అన్యాయంలా కనిపిస్తుంది, నేనూ కౌంటర్ దగ్గర గొంతు పెంచాను. ఆలోచిస్తే అదీ ఒక లెక్కే, లేకపోతే ఒక్కరోజు మబ్బు ఆ నెలంతా అందర్నీ ఒక్కో రోజు వెనక్కి తోస్తుంది.

హెలికాప్టర్ ఒక దారి. ఐదుగురు పడతారు, ఖాట్మండు దాకా మామూలు రోజుల్లో సీటు 400 నుంచి 500 డాలర్లు. ఇరుక్కున్న రోజుల్లో ఆ మాట పొద్దునకొకటి, సాయంత్రానికొకటి ఉంటుంది. విమానం లేవలేని పలుచని మబ్బులో అది లేవగలదు, కానీ వాన కురుస్తుంటే అదీ కదలదు. రెండో దారి కాలినడక: లుక్లా నుంచి సుర్కెకి రెండు గంటల దిగుడు, అక్కడి నుంచి ఫాప్లు, సల్లేరి వైపు జీపులు. ఎండరోజుల్లో ఇది మంచి దారి, సల్లేరిలో ఒక రాత్రి పడుకుని మర్నాటికి ఖాట్మండు చేరొచ్చు. నాలుగు రోజులు నానిన మట్టిరోడ్డు మీద మాత్రం వద్దనిపించింది. వెళ్ళిన కుర్రాళ్ళు కొందరు బురదలో జీపు తోసిన వీడియోలు పంపారు.

లాడ్జి ఖర్చు భయపెట్టేంత కాదు. అక్కడే తింటే గది అద్దె నామమాత్రం. తిండి, వేడినీళ్ళు, ఛార్జింగ్ కలిపి మనిషికి రోజుకి 4,000 నేపాలీ రూపాయల దాకా అయింది. నగదు అయిపోవడమే అసలు ఇబ్బంది, లుక్లా ఏటీఎం కరెంటుతో పాటు పోతుంది. ఇంకో నాలుగు రోజులకి సరిపడా నోట్లు విడిగా దాచుకుని ఉండాలి.

నవంబరు మొదట్లో ఒక పొద్దున రన్‌వే కింద లోయ అడుగు దాకా కనిపించింది. ఆరున్నరకి సైరన్ మోగగానే ఊరు ఊరంతా కంచె దగ్గరికి పరిగెత్తింది. ఆ రోజు టికెట్ ఉన్నవాళ్ళని ముందు పంపించి, కంపెనీలు అదనపు తిరుగుళ్ళు వేశాయి. మా పేర్లు పదిన్నరకి పిలిచారు. ఇక్కడొక చిట్కా: నలుగురికీ కలిపి సీట్లు కావాలని పట్టుబట్టకండి. ఒక్కో ఫ్లైట్‌లో ఒకటీ రెండూ సీట్లు మిగులుతాయి, విడిపోయి వెళ్ళేవాళ్ళు గంట ముందే బయటపడతారు. మేం ఇద్దరిద్దరుగా వచ్చాం.

లేవడం దిగడం కన్నా తేలిక. పై అంచున బ్రేకులు పట్టి ఇంజిన్లు పూర్తిగా పెంచుతారు, వదలగానే వాలు మీద జారినట్టు దూసుకెళ్తుంది, రన్‌వే అయిపోయేలోపే కింద నేల మాయమవుతుంది. కనుమ దాటడానికి ఏడెనిమిది వందల మీటర్లు ఎక్కితే చాలు, మిగతాదంతా దిగుడే. అందుకే అదే 74 కిలోమీటర్లకి ఈసారి పదిహేను నిమిషాలు. మంథలిలో దిగగానే మళ్ళీ ఉక్క, జాకెట్లు విప్పి చంకన పెట్టుకున్నాం. జీపు డ్రైవర్లు గేటు బయటే ఉంటారు, ఆ రోజు అందరికీ అవసరమని తెలుసు కాబట్టి సీటు 3,500 అన్నారు, 3,000కి తెగింది. వాన తర్వాత రోషి దగ్గర ఆగుడు ఎక్కువై ఖాట్మండు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.

ఖాట్మండు-ఢిల్లీ టికెట్లు అప్పటికే పోయాయి. వాటికి ఒక్క రూపాయి వెనక్కి రాలేదు, కొత్తవి దాదాపు రెట్టింపు పడ్డాయి. లుక్లా నుంచి వచ్చే తేదీకీ దేశం దాటే తేదీకీ మధ్య రెండు రోజులు ఖాళీ పెట్టుకోమని అందరూ చెప్తారు. తుఫాను నెలలు కాబట్టి అక్టోబరు చివర్లో మూడు పెట్టుకోండి, లేదంటే తేదీ మార్చుకునే టికెట్ కొనండి. లుక్లా ఫ్లైట్ మా చేత్తో వదులుకోలేదు, ఎక్కే వచ్చాం కాబట్టి దానికి వాపసు ప్రశ్నే రాలేదు. మధ్యలో విసిగి హెలికాప్టర్ ఎక్కిన మా గుంటూరాయనకి మాత్రం వాడని విమానం టికెట్ డబ్బు, కౌంటర్లో రాయించుకున్న కాగితం చూపించాక, ఏజెంటు ద్వారా మూడు వారాలకి వచ్చింది.